బావిలోకి పామును పిలిచిన కథ

రాజకీయ నీతికథ పిల్లల కోసం పుట్టలేదు. విష్ణుశర్మ పంచతంత్రాన్ని చెప్పింది ముగ్గురు రాజకుమారులకు, ఆరు నెలల్లో రాజనీతి నేర్పుతానని మాట ఇచ్చి. గ్రీసులో పిసిస్ట్రాటస్ నిరంకుశంగా ఏలుతున్న రోజుల్లో, ఏథెన్సు ప్రజలకు ఈసపు కప్పల కథ చెప్పాడని రోమన్ కవి ఫీడ్రస్ రాశాడు. మాకో రాజు కావాలని కప్పలు దేవుణ్ణి అడుగుతాయి. ఆయన ఒక దుంగను పడేస్తాడు. ఉలకని పలకని రాజు మాకొద్దని కప్పలు గోల చేస్తే ఈసారి నీటిపామును పంపుతాడు. అది వాటిని ఒక్కొక్కటిగా మింగేస్తుంది.

పంచతంత్రంలో నాలుగోదైన లబ్ధప్రణాశంలోనూ కప్పా పామూ ఉన్నాయి. అక్కడ పామును దేవుడు పంపడు. దాయాదుల పోరు పడలేక గంగదత్తుడనే కప్పరాజు బావి గట్టెక్కి, ప్రియదర్శనుడనే పామును తానే పిలుచుకొస్తాడు. పాము ముందు దాయాదుల్ని తింటుంది, తర్వాత మిత్రుల్ని, చివరికి గంగదత్తుడి కొడుకును. ఇంకో బావి కప్పల్ని తెస్తానని చెప్పి అతడు బయటపడతాడు, మళ్లీ ఆ బావి మొహం చూడడు.

పదిహేనో శతాబ్దిలో దూబగుంట నారాయణకవి, ఆ తర్వాత బైచరాజు వేంకటనాథుడు పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం వచనమయ్యాయి. సంధి, విగ్రహం వీరేశలింగం చేతుల్లో వచ్చాయి. బడిపిల్లల నోట నానింది ఈ వచనమే. గంగదత్తుడు అందులో లేకుండా పోయాడు. విజయనగరంలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ఈసపు కథల్ని ‘నూరుగంటి’ పేరుతో అచ్చతెలుగు చేశారు. రెండు దేశాల నీతికథలూ అలా ఉత్తరాంధ్ర గడపలోకి వచ్చాయి.

ఈ గడ్డమీద గంగదత్తుడి కథ అంతకుముందే నిజంగా జరిగింది. బొబ్బిలికీ విజయనగరానికీ పొలిమేర పగలుండేవి. బొబ్బిలివారు వాగుల నీళ్లు మళ్లించుకునేవారని చరిత్రకారుడు ఆర్మ్ రాశాడు. ఆ పగ తీర్చుకోవడానికి విజయనగరం రాజు పూసపాటి పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమైంది. కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే చంపాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివారిని వదిలించుకోవాలని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. క్లైవు పంపిన ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. ఒక పామును తరమడానికి ఇంకో పాము వచ్చింది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషు కంపెనీ సైన్యం చేతిలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ప్రాణాలు విడిచాడు. బాకీపడ్డ పేష్కషు (కప్పం) దగ్గర మొదలైన తగువది. బొబ్బిలి కథ పాడినవాళ్లు వీరత్వాన్ని నిలబెట్టారు, అది వాళ్ల ధర్మం. పామును పిలిచిన తప్పును తేటగా చూపగలిగేది మాత్రం నీతికథే.

ఇలాంటి కథలకు సినిమాలో కొత్త ఊపిరి పోసింది స్టాప్ మోషన్. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకొకటి. సెకనుకు 24 చట్రాలు, నిమిషానికి 1,440. లాదిస్లాస్ స్టారెవిచ్ కీటకాలతో మొదలుపెట్టాడు. చచ్చిన పురుగుల కాళ్లు తీసేసి తీగలు లక్కతో అతికించి, 1912లో ‘కెమెరామన్ ప్రతీకారం’ తీశాడు. రష్యా విప్లవం తర్వాత ఫ్రాన్సు చేరి, 1922లో రాజును కోరిన కప్పల కథనే బొమ్మలతో తీశాడు. అందులో రెండో రాజు కొంగ. నక్క రెనార్ కథతో ఆయన తీసిన పూర్తి నిడివి బొమ్మల చిత్రం 1937లో బెర్లిన్లో విడుదలైంది. మన దేశంలో 1915లోనే ఫాల్కే అగ్గిపుల్లలకు నడక నేర్పాడు. కానీ ఆ దారిలో నీతికథ పెద్దగా నడవలేదు.

బొమ్మ నోట పలికినా అధికారానికి మాట గుచ్చుకుంటుంది. చెకోస్లోవేకియాలో యిర్ఝీ ట్రింకా 1965లో ‘చెయ్యి’ తీశాడు. కుండీలు చేసుకునే బొమ్మ మనిషిని, చెయ్యి ప్రతిమలే చేయమని ఓ పెద్ద చెయ్యి వేధించి, అతడు చచ్చాక ఘనంగా సాగనంపుతుంది. ట్రింకా 1969లో పోయాక ఆ చిత్రాన్ని నిషేధించారు. ఇంకో ప్రమాదమూ ఉంది. ఆర్వెల్ 1945లో ప్రచురించిన ‘యానిమల్ ఫామ్’ 1954లో గీతల యానిమేషన్ అయింది. రహస్యంగా డబ్బు పెట్టింది సీఐఏ. పందులకూ మనుషులకూ తేడా తెలియని పుస్తకపు ముగింపు పోయి, జంతువులు మళ్లీ తిరగబడే ముగింపు వచ్చింది. అధికారాన్ని ప్రశ్నించే కథను అధికారమే సొంతం చేసుకోగలదు.

అందుకే గంగదత్తుడి కథను మన చేతులే కదపాలి. ఆ చేతులు ఇక్కడ ఉన్నాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులద్దుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చెక్కేవాళ్లు, బహుమతులకు చిట్టి వీణలూ చేస్తారు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి పోతపోస్తారు. పొందూరులో సన్నఖద్దరు నేస్తారు. కీళ్లబొమ్మకు కావలసిన కర్ర, లోహం, గుడ్డ మూడింటికీ పనితనం ఉన్న నేల ఇది. గంగదత్తుణ్ణి అంకుడు కర్రతో చేసి, పామును బుడితి ఇత్తడితో పోసి, బొబ్బిలి చరిత్ర చదువుతున్న పిల్లల చేత చట్రం చట్రంగా కదిపించాలి. ఇంటి తగువులోకి బయటి బలాన్ని పిలిస్తే ఏమవుతుందో ఆ పిల్లలు తమ చేతులతోనే తెలుసుకుంటారు. ఓటు హక్కు వచ్చేనాటికి వాళ్లకు ఆ తెలివిడి ఉండి తీరాలి. విష్ణుశర్మ రాజకుమారులకు నేర్పిన చదువు, ప్రజలే రాజులైన కాలంలో అందరి పిల్లలకూ అందాలి.