ఎర్రమట్టి గుట్టలలోని ఆక్స్‌ఫర్డు

ఆక్స్‌ఫర్డు అను పేరు వినినంతనే ఇంగ్లండులోని థేమ్సు తీరము, అచటి ప్రాచీన విద్యాలయములు స్ఫురించుట సహజము. ఆ పేరునే ధరించిన చిన్న పట్టణమొకటి అమెరికా దక్షిణ రాష్ట్రములలో చేరిన మిసిసిపీలో కలదు. ఇంగ్లండులోని ఊరికి విద్య వలన పేరు వచ్చినది; మిసిసిపీలోని ఊరికి పేరు ముందుగా వచ్చి, విద్య తరువాత వచ్చినది. ఆ విద్య అందరిదగుటకు మరియొక నూరేండ్లకు పైగా పట్టినది.

ఈ పట్టణము రాష్ట్రపు ఉత్తరభాగమున లఫాయెట్ కౌంటీకి ముఖ్యస్థానము. ఉత్తరమున టాలహాచీ, దక్షిణమున యోకనా అను నదులు ప్రవహించుచుండగా, వాని నడుమ ఎర్రమట్టి గుట్టల మీద ఊరు వెలసినది. పడమటి దిక్కున మిసిసిపీ మహానది పరచిన ఒండ్రునేల ప్రత్తికి పెట్టినది పేరు. గుట్టల నేలకు ఆ సారము లేదు; అడవి నరికి సాగు చేసినచోట్ల వానలకు మన్ను కోసుకొనిపోయి లోతైన గండ్లు పడెను. పెద్ద రేవు గాని, గొప్ప పంటభూమి గాని లేని ఊరికి పెరుగుటకు వేరొక ఆధారము కావలసియుండెను.

పూర్వమీ భూమి చికసా జాతివారిది. 1832లో జరిగిన పోంటొటాక్ సంధి ననుసరించి వారు తమ నేలను విడిచి పడమటికి తరలిపోవలసి వచ్చెను. 1836లో ముగ్గురు తెల్లవారు హోకా అను చికసా స్త్రీ వద్ద స్థలము కొని, అందు కొంతభాగమును కౌంటీకి ఇచ్చిరి. రాష్ట్రమున ఏర్పడబోవు విశ్వవిద్యాలయము తమ ఊరికే దక్కవలెనను ఆశతో ఆక్స్‌ఫర్డు అని నామకరణము చేసిరి. ఆశ ఫలించినది. 1841లో శాసనసభ ఒక్క వోటు ఆధిక్యముతో ఈ స్థలమును ఎన్నుకొనెను. 1844లో స్థాపన శాసనము వెలువడెను. 1848లో 80 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యెను. లైసియం అను ప్రధానభవనమును కట్టిన కూలీలలో నల్లజాతి బానిసలు ఉండిరి. తాము గోడ లెత్తిన గదులలో కూర్చుండి చదువుకొను హక్కు వారికి లేదు.

1856లో విశ్వవిద్యాలయమునకు అధిపతియైన ఫ్రెడరిక్ బార్నార్డు ఒక వేధశాలను నిర్మించి, దానికై నాటికి ప్రపంచములో సాటిలేని పెద్ద కటకమును మాసచూసెట్సులోని ఆల్వన్ క్లార్కు కార్ఖానాకు పురమాయించెను. ఇంతలో 1861లో అంతర్యుద్ధము వచ్చెను. విద్యార్థులు దళముగా ఏర్పడి దక్షిణసేనలో చేరిరి, తరగతులు నిలిచిపోయెను, బార్నార్డు వెడలిపోయెను. 1862 జనవరిలో క్లార్కు కుమారుడు ఆ కటకమును పరీక్షించుచుండగా మృగవ్యాధ నక్షత్రమునకు తోడైన మసకతార కనబడెను. ఖగోళశాస్త్రమునకు అది గొప్ప లాభము. కాని కటకము చికాగో చేరినది. ఆక్స్‌ఫర్డు వేధశాల దూరదర్శిని లేకయే మిగిలినది. విద్యార్థి దళము 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధమున దాదాపుగా నశించెను. 1864 ఆగస్టులో ఉత్తరసేనలు ఊరి నడిబొడ్డునగల న్యాయస్థానమును, చుట్టునున్న అంగళ్లను తగులబెట్టెను. బానిసత్వమును నిలుపుకొనుటకై చేసిన యుద్ధమునకు ఊరు చెల్లించిన మూల్యమిది.

విశ్వవిద్యాలయము 1865లో మరల తెరువబడెను. 1882లో స్త్రీలకు ప్రవేశము లభించెను. నల్లజాతివారికి మాత్రము తలుపు మూసియే ఉండెను. బాల్యము నుండి ఈ ఊరిలో పెరిగిన నవలాకారుడు విలియం ఫాక్‌నర్, విశ్వవిద్యాలయపు తపాలా కార్యాలయమున కొంతకాలము పనిచేసెను. యోకనా నది పాతపేరును గ్రహించి యోక్‌నపటాఫా అను కల్పిత కౌంటీని సృష్టించి, ఈ గుట్టలను, ఈ జాతుల మధ్యనున్న పాత బాకీలను తన నవలలలో చిత్రించెను. 1949వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు లభించెను. 1962 జులై 6న ఆయన మరణించెను.

ఆ బాకీ తీర్చవలసిన దినము మూడు మాసములు గడువకముందే వచ్చెను. వైమానికదళమున పనిచేసి వచ్చిన జేమ్స్ మెరిడిత్ అను నల్లజాతి యువకుడు ప్రవేశము కోరగా, న్యాయస్థానములు ఆయన పక్షమున తీర్పు చెప్పెను. రాష్ట్ర గవర్నరు అడ్డుపడెను. సెప్టెంబరు 30 రాత్రి లైసియం ఎదుట అల్లరిమూకలు చెలరేగెను. ఒక ఫ్రెంచి పత్రికావిలేఖరియు, స్థానికుడొకడును తుపాకి గుండ్లకు బలియైరి. కేంద్రప్రభుత్వపు మార్షలులు 160 మందికి పైగా గాయపడిరి. వేలకొలది సైనికులు దిగిన పిమ్మట అల్లరి అణగెను. మరునాడు ఉదయము మెరిడిత్ ఆ లైసియంలోనే తన పేరు నమోదు చేయించుకొనెను. కావలివాండ్ర నడుమ చదివి, 1963 ఆగస్టులో పట్టము పుచ్చుకొనెను.

2006లో లైసియం సమీపమున ఆయన విగ్రహము నెలకొల్పబడెను. 2008లో ఈ విశ్వవిద్యాలయమున జరిగిన అధ్యక్షపదవీ చర్చలో బరాక్ ఒబామా పాల్గొనెను. 1906 నుండి ఆవరణ ముఖద్వారమున నిలిచియున్న దక్షిణసేనా సైనికుని విగ్రహమును 2020లో, యుద్ధమృతులను పాతిపెట్టిన శ్మశానమునకు తరలించిరి. ఆ యేటి జనగణన ప్రకారము ఊరి జనసంఖ్య సుమారు 25 వేలు. హోకా విక్రయించిన నేల మీద, బానిసలు కట్టిన భవనమునకు, నేడు ఏ జాతివారైనను చదువుకొనుటకు పోవచ్చును. ఊరి పెద్దలు 1830లలో కోరిన పేరునకు తగిన అర్థము ఆ ద్వారము తెరచుకొనిన నాడు కలిగినది.