ఐస్‌లాండులో ఉదజని

ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు, ఉన్నత పాఠశాల విద్యార్థులందఱు ఎఱిగినదే. కొంచెము ఆమ్లము కలిపిన నీటిలో విద్యుత్ ప్రవాహమును పంపినచో ఋణధ్రువము వద్ద ఉదజనియు, ధనధ్రువము వద్ద ఆమ్లజనియు బుడగలుగా వెలువడును. ఆ ఉదజనిని మరల ఆమ్లజనితో కలిపినచో శక్తి వెలువడి నీరు మిగులును. మసి లేదు, బొగ్గుపులుసు వాయువు లేదు. ఈ ప్రయోగమును ఆధారముగా గొని ఒక దేశమంతయు తన బండ్లను, పడవలను నడుపుకొనవచ్చునా? ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఐస్‌లాండు దేశము ఈ ప్రశ్నను నిజముగానే వేసికొన్నది.

ఆ దేశ జనసంఖ్య సుమారు 4 లక్షలు. మన వరంగల్లు నగరములో సగము మంది. బొగ్గు గనులు లేవు, చమురు బావులు లేవు. కాని భూగర్భమునుండి వేడినీరు ఉబికివచ్చుచుండును. కొండలనుండి ఏరులు దూకుచుండును. 1930లో రాజధానియగు రేక్యావిక్ నగరమునకు 3 కిలోమీటర్ల దూరమునుండి వేడినీటిని గొట్టముల ద్వారా తెచ్చి ఒక పాఠశాలను, కొన్ని ఇండ్లను వెచ్చపఱచిరి. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట ఈ పని వేగము పుంజుకొనెను. నేడు పదింట తొమ్మిది ఇండ్లకు వెచ్చదనము భూగర్భమునుండియే లభించుచున్నది. విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు జలపాతములనుండి, భూతాపమునుండి వచ్చుచున్నది. ఇక చమురు కావలసినది ముఖ్యముగా వాహనములకు, చేపలు పట్టు ఓడలకు.

ఐస్‌లాండు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడగు బ్రాగి ఆర్నసన్ ఈ సంగతిని పట్టుకొనెను. ఆ దేశపు నీటిలో భార ఉదజని పాలు ఎంతయో కొలిచి, భూగర్భ జలము ఎక్కడనుండి ఎక్కడికి పారుచున్నదో కనుగొన్న పరిశోధకుడాయన. స్వదేశపు విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ ఉదజనితోనే వాహనములను, ఓడలను నడుపవచ్చునని ఆయన 1970-80 దశకమున ప్రతిపాదించెను. నవ్వినవారు కొందఱు, తరువాత ఆయనకే ‘ఉదజని ఆచార్యుడు’ అను పేరు వచ్చెను.

1999లో ఈ పనికై ఒక సంస్థ ఏర్పడెను. స్వదేశ సంస్థలతోపాటు షెల్, డైమ్లర్ క్రైస్లర్, నార్స్క్ హైడ్రో కంపెనీలు అందులో భాగస్వాములు. 2003 ఏప్రిల్ 24న, ఆ దేశీయులు వేసవి తొలిదినముగా జరుపుకొను పండుగనాడు, రేక్యావిక్‌లో ఉదజని నింపు కేంద్రము తెఱువబడెను. ఆ శరత్తునుండి మూడు బస్సులు నగర వీధులలో తిరిగెను. వాని వెనుకనుండి వెలువడినది నీటియావిరి మాత్రమే. ఐరోపా సంఘము సహాయముతో జరిగిన ఈ పరీక్ష 2007 మొదట ముగిసెను. 2008లో తిమింగలములను చూపుటకు యాత్రికులను కొనిపోవు ‘ఎల్డింగ్’ అను నౌకలో దీపములు మున్నగువానికొఱకు చిన్న ఇంధన ఘటమును అమర్చిరి. ఆ సంవత్సరముననే దేశపు బ్యాంకులు కూలిపోయెను.

అయితే కథ అంతతో చిక్కువడుటకు ధనాభావమొక్కటే కారణము కాదు. ఉదజని శక్తికి మూలము కాదు. శక్తిని మోయు కావడి మాత్రమే. కిలోగ్రాము ఉదజనిని నీటినుండి తీయుటకు సుమారు 55 యూనిట్ల విద్యుత్తు కావలెను. అందులో నిలుచు శక్తి 33 యూనిట్లు. ఆ కిలోగ్రాము సాధారణ పీడనమున 11 ఘనమీటర్ల చోటు ఆక్రమించును; 2 గ్రాములు 22.4 లీటర్లను లెక్కతో విద్యార్థులే సరిచూచుకొనవచ్చును. బస్సు పైకప్పు మీది సిలిండర్లలో ఇమిడ్చుటకు దానిని వాతావరణ పీడనమునకు 350 రెట్ల ఒత్తిడితో అదుమవలెను. ఇంధన ఘటములో మరల విద్యుత్తుగా మారునపుడు సగము వేడిగా పోవును. తుదకు చక్రములకు చేరునది 16 యూనిట్లు. ఆ 55 యూనిట్లనే బ్యాటరీలో నింపినచో సుమారు 40 చేరును. నేడు రేక్యావిక్ వీధులలో వేలకొలది బ్యాటరీ కార్లు తిరుగుటలో వింత లేదు.

ఇంకొక చిత్రము. బస్సులకు ఎంతో ముందే ఆ దేశమున ఉదజని పరిశ్రమ ఉండెను. రేక్యావిక్ చెంతనున్న గూవునెస్‌లోని ఎరువుల కర్మాగారము 1954నుండి సుమారు అర్ధ శతాబ్దము విద్యుద్విశ్లేషణముతో ఉదజనిని తీసి, నత్రజనితో కలిపి అమ్మోనియా చేసెను. ఏటా సుమారు 2,000 టన్నులు! అక్కడ వాయువు ఆవరణము దాటి పోనక్కఱలేదు. దానిని మరల విద్యుత్తుగా మార్చనక్కఱలేదు. అది అక్కడ ఇంధనము కాదు, ముడిపదార్థము. మూడు బస్సులకు లభించిన కీర్తి ఈ కర్మాగారమునకు లభింపలేదు. నా దృష్టిలో అసలు ఉదజని చరిత్ర ఇదియే. బస్సులు తిరిగిన కాలముననే ఆ దేశము కారహ్‌న్యూకర్ వద్ద 690 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రమును కట్టినది. దాని విద్యుత్తు పోయినది అల్యూమినియము కర్మాగారమునకు. చవుక విద్యుత్తును కోరువారు ఎప్పుడును పలువురుందురు.

మన దేశమునను పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారము 1961లో భాక్రా జలవిద్యుత్తుతో ఈ పద్ధతినే మొదలిడెను. తరువాత చమురువైపు మరలినది. 2023లో భారత ప్రభుత్వము జాతీయ హరిత ఉదజని కార్యక్రమమును ఆమోదించి, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యముగా పెట్టుకొన్నది. 2025 జనవరి 8న విశాఖపట్టణమున ప్రధానమంత్రి సమీపములోని పూడిమడక ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన చేసిరి. అచ్చట దినమునకు 1,500 టన్నులు తీయవలెనని సంకల్పము. కిలోకు 55 యూనిట్ల వంతున లెక్క వేసినచో దినమునకు 8 కోట్ల యూనిట్లకు పైగా కావలెను. ఐస్‌లాండు దేశమంతయు నేడు దినమునకు ఉత్పత్తి చేయు విద్యుత్తు 5 కోట్ల యూనిట్లకు కొంచెము మించును.