డిక్కీలో ఉండిపోయిన చెల్లో

టాక్సీ తలుపు ధన్‌మని మూసుకుంది. మీటరు డబ్బులు ఇచ్చేశాడు. రసీదు చేతికొచ్చింది. చూడకుండానే జేబులో కుక్కేశాడు. పసుప్పచ్చ కారు ఫిఫ్త్ అవెన్యూ రద్దీలోకి జారుకుంది. ఎదురుగా పెనిన్సులా హోటలు. నాలుగడుగులు వేశాడో లేదో, ఏదో తేడాగా అనిపించింది. చేతులు మరీ తేలిగ్గా ఉన్నాయి.

1999 అక్టోబరు 16. శనివారం మధ్యాహ్నం. న్యూయార్క్.

అతని పేరు యోయో మా. పేరున్న సంగీతకారుడు. వయసు 44. ఉండేది బోస్టన్ పక్కన. ఈ ఊరికి వచ్చింది పని మీదే, అంటే వాయించడానికే. ముందు రోజు రాత్రి కార్నెగీ హాల్లో కచేరీ చేసి, ఆ అలసట ఒంట్లోంచి దిగకముందే, సాయంత్రం బ్రూక్లిన్‌లో మరో కచేరీ ఉందన్న తొందర వెనక తరుముతుంటే, సెంట్రల్ పార్కు పడమటి పక్కన టాక్సీ ఆపి, మనిషంత పెట్టెని వెనక డిక్కీలో పెట్టి, సీట్లో కూలబడి, హోటలు రాగానే దిగి వచ్చేశాడు. దిగింది తనొక్కడే!

పెట్టె టాక్సీతో పాటే వెళ్లిపోయింది.

గిరుక్కున వెనక్కి తిరిగాడు. రోడ్డు నిండా పసుపు కార్లే. ఒకటి పోతోంది, ఒకటి వస్తోంది. ఏది తనది?

ఆ పెట్టెలో ఉన్నది చెల్లో. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయిస్తారు, వయొలిన్‌కి పెద్దన్న లాంటిది. దీన్ని వెనిస్‌లో డొమెనికో మాంటన్యానా 1733లో చేశాడు. అప్పటికి 266 ఏళ్ల కర్ర. అప్పటి ఖరీదు 25 లక్షల డాలర్లు. ఓ విద్యార్థిని దానికి పెటూనియా అని ముద్దుపేరు కూడా పెట్టింది. విమానమెక్కితే యోయో మా దానికోసం పక్క సీటుకి టికెట్టు కొంటాడు. అలాంటిది ఇప్పుడు స్టెప్నీ టైరు ఉండే చీకట్లో, గతుకు గతుక్కీ ఊగుతూ, ఎటో పోతోంది.

పోలీసులకి కబురు వెళ్లింది. మొదటి ప్రశ్న ఊహించిందే. టాక్సీ నంబరెంత?

ఎవరు చూస్తారు నంబరు? అప్పటికి ఆ నగరంలో పసుపు టాక్సీలు 12 వేల పైచిలుకు. రంగు ఒకటే, వాలకం ఒకటే. నంబరు కారు నెత్తి మీద దీపంలో వెలుగుతుంది, తలుపు మీదా రాసి ఉంటుంది. అయినా ఎక్కేవాడి చూపు మీటరు మీద, దిగేవాడి చూపు గుమ్మం మీద. ఎక్కడని వెతుకుతారు?

చెయ్యి జేబులోకి వెళ్లింది. నలిగిన కాగితం తగిలింది.

రసీదు! న్యూయార్క్ టాక్సీ మీటరు కొట్టిచ్చే రసీదు మీద బండి లైసెన్సు నంబరు కూడా అచ్చవుతుంది. అంత అలసటలోనూ, అంత తొందరలోనూ అతను దాన్ని పారేయలేదు. ఆ మధ్యాహ్నం అతన్ని కాచింది అదే. పేరూ కాదు, పలుకుబడీ కాదు. పేరున్న మనిషి కాబట్టి పోలీసులు పరుగెత్తి ఉండొచ్చు. కానీ ఎటు పరుగెత్తాలో చెప్పింది ఆ కాగితం ముక్కే.

నంబరు దొరికింది. కారు ఏ గ్యారేజీదో తేలింది. కానీ పెట్టె ఇంకా అందులోనే ఉందా? ఈలోపు ఎవరైనా సామాను పెట్టుకోవాలని డిక్కీ తెరిపించి ఉంటే?

నది దాటి క్వీన్స్. ఓ టాక్సీ గ్యారేజీ. డ్రైవరుకి ఏ పాపం తెలీదు. వెనకాల ఏముందో తెలియకుండానే బండి నడిపాడు. పోలీసులు వచ్చి డిక్కీ తెరిచారు.

ఉంది. పెట్టె పెట్టినట్టే ఉంది.

చీకటి పడకముందే చెల్లో యజమాని చేతికి చేరింది. అలసటలో, తొందరలో చేసిన తెలివితక్కువ పని అది అని యోయో మా దాచకుండా ఒప్పుకున్నాడు. పోలీసులకి కృతజ్ఞతలు చెప్పాడు. ఆ రాత్రి బ్రూక్లిన్ కచేరీ ఆగలేదు. వాయించింది కూడా ఆ చెల్లోనే.

కొత్త ఊళ్లో టాక్సీ దిగేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి. ఆటో అయితే ఎక్కేముందే నంబరు ఫోన్లో ఫొటో తీసుకోండి.