జంట జలాశయాల పరీవాహక గ్రామాలు: భూమి హక్కు, అభివృద్ధి నియంత్రణ – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

భూమి పట్టాదారుదే అయినా ఆ భూమిలో ఏమి కట్టవచ్చునో, ఎంత కట్టవచ్చునో నిర్ణయించే అధికారం ఎవరిది? పొలం పొలంగా ఉన్నంతకాలం శిస్తు, కౌలు, హద్దు, వారసత్వం వంటివే భూ వివాదాలకు మూలాలు. నగరం దగ్గరికి వచ్చి, ఎకరాల లెక్క గజాల లెక్కగా మారే దశలోనే ఈ ప్రశ్న తలెత్తుతుంది. తెలుగు నేలపై ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురైన ప్రాంతం హైదరాబాద్‌కు పశ్చిమాన, నైరుతిన ఉన్న 84 గ్రామాలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన జి.ఓ. 111 ఈ గ్రామాల భూమి వినియోగాన్ని కట్టడి చేసింది.

ఈ వివాదాన్ని పర్యావరణానికీ సొంతదారుల ప్రయోజనానికీ మధ్య పోరుగా చెప్పడం పరిపాటి. ఆ చిత్రణ అసత్యం కాదు గాని అసంపూర్ణం. నియంత్రణ ఉండాలా వద్దా అన్నదానితో పాటు, దానిని ఎవరు నిర్ణయించారు, దాని భారం ఎవరు మోశారు అన్న రెండు ప్రశ్నలను చేర్చి చూసినప్పుడే ఈ చరిత్ర స్పష్టపడుతుంది. ఆ రెండింటినీ పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

వరద నుంచి జలాశయాల దాకా

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాద్‌లో వేలాది ప్రాణాలను బలిగొన్నది. వరద నివారణకు, నగర పునర్నిర్మాణానికి సలహా ఇవ్వవలసిందిగా నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరద నీటిని నిలిపివేయాలని ఆయన సూచించారు. ఆ సూచన ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరానికి తాగునీటి వనరులు కూడా అయ్యాయి. నగరం లోపలి మురికివాడల తొలగింపు, గృహ నిర్మాణం, రహదారుల విస్తరణ వంటి పనులకు 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది.

నగరం లోపలి భూమికి ఒక మండలి, నగరం వెలుపలి నీటికి రెండు జలాశయాలు – ఆనాటి ఏర్పాటు ఇది. ఆ జలాశయాలలోకి నీరు వచ్చే గ్రామాల భూమిపై ప్రత్యేక కట్టడి అవసరం అప్పటికి కనబడలేదు. అవి వ్యవసాయ గ్రామాలు. వర్షపు నీరు పొలాల మీదుగా, వాగుల గుండా జలాశయాలకు చేరేది. వ్యవసాయం కొనసాగడమే పరీవాహక ప్రాంతానికి రక్షణ.

పట్టా, శిఖం: హక్కులోని అంతరాలు

నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా ప్రాంతంలో భూమి చాలావరకు నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద, పాయెగాల కింద, జాగీర్ల కింద ఉండేది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చిన తరువాతనే సాగుదారులలో అనేకులకు భూమిపై స్థిరమైన హక్కు సంక్రమించింది. అంటే, జి.ఓ. 111 నాటికి ఈ గ్రామాలలోని అనేక కుటుంబాలకు పట్టా హక్కు వయసు అర్ధశతాబ్దం కూడా లేదు. తరతరాల కౌలు తరువాత చేతికి వచ్చిన భూమిపై ఆంక్ష పడినప్పుడు వారిలో కలిగిన ఆగ్రహాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం.

అయితే హక్కుకు పరిమితి ఉండడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. తెలంగాణ రెవెన్యూ పరిభాషలో చెరువు గర్భంలోని భూమిని శిఖం అంటారు. అందులో కొంత శిఖం పట్టా రూపంలో వ్యక్తుల పేరున ఉంటుంది. నీరు తగ్గినప్పుడు పట్టాదారు అక్కడ సాగు చేసుకోవచ్చు. నీరు నిండినప్పుడు ఆ భూమి చెరువుది. దానిని పూడ్చడానికి గాని, నీటికి అడ్డుకట్ట వేయడానికి గాని పట్టా అధికారం ఇవ్వదు. గైరాన్, గ్రామకంఠం వంటి మాటలు కూడా భూమి ఎవరిదన్న దానితో పాటు ఎందుకన్నదీ చెబుతాయి. ఒకే భూమిలో వ్యక్తి హక్కు, ఊరి అవసరం పొరలుగా ఉండగలవన్న అవగాహన ఆ పదజాలంలోనే నిక్షిప్తమై ఉంది. ఊరి చెరువు కోసం ఊరి రైతు హక్కు పరిమితమైతే, ఆ చెరువు ఫలం ఆ ఊరి ఆయకట్టుకే దక్కేది. పరిమితిని భరించేవారు, ఫలాన్ని పొందేవారు ఒకే ఊరివారు. జంట జలాశయాల విషయంలో ఈ సమతూకం తప్పింది.

ప్రణాళికా చట్టాలు: అధికారం ఎక్కడ నిలిచింది?

భూ వినియోగాన్ని మండలాలుగా విభజించే ఆధునిక పద్ధతికి చట్టబద్ధత ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు అమెరికాలో 1926లో వెలువడింది. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ గ్రామం 1922లో తన పరిధిలోని భూమిని వినియోగాన్ని బట్టి విభజిస్తూ నిబంధన చేసింది. 68 ఎకరాల భూమి ఉన్న ఆంబ్లర్ సంస్థ, దీనివల్ల తన భూమి విలువ పడిపోయిందని వాదించింది. సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో గ్రామం పక్షాన తీర్పు ఇచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1922లో పెన్సిల్వేనియా బొగ్గు గనుల వ్యాజ్యంలో అదే న్యాయస్థానం, నియంత్రణ హద్దు మీరితే అది ఆస్తిని స్వాధీనం చేసుకోవడంతో సమానమవుతుందని హెచ్చరించింది. అక్కడి చర్చ అంతా ఈ రెండు తీర్పుల మధ్య సాగింది. ఈ వ్యాసానికి ముఖ్యమైన అంశం వేరొకటి: యూక్లిడ్‌లో నిబంధన చేసింది ఆ గ్రామ పాలకమండలి. దానితో విభేదించిన నివాసులకు తమ ఓటుతో ఆ మండలిని మార్చే వీలుండేది.

భారతదేశంలో మార్గం వేరు. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం పురపాలక సంఘాలకు పథకాలు తయారుచేసే బాధ్యత ఇచ్చినా, తుది ఆమోదం ప్రభుత్వానిదే. ఆ చట్టంలో గమనించదగిన లక్షణం ఒకటుంది. పథకం వల్ల భూమి విలువ పెరిగితే సొంతదారు మెరుగుదల రుసుము చెల్లించాలి, నష్టపోతే పరిహారం పొందాలి అన్న పద్దుల ఆలోచన అందులో ఉంది. 1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2008లో దాని స్థానంలో మహానగరాభివృద్ధి సంస్థ వచ్చింది. ఇవి ప్రభుత్వం నియమించిన సంస్థలు. నగర శివారు గ్రామాల భూమి వీటి ప్రణాళికల కిందికి వచ్చింది గాని, గ్రామ పంచాయతీలకు ఆ ప్రణాళికలపై నిర్ణయాధికారం రాలేదు.

ఇదే కాలంలో ఆస్తి హక్కు స్థాయి కూడా మారింది. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించి 300ఎ అధికరణంగా నిలిపింది. చట్టం అనుమతి లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదన్న రక్షణ మిగిలింది. ఆస్తిని తీసుకోకుండా, దాని వినియోగాన్ని మాత్రమే పరిమితం చేసినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు ఆ అధికరణం సూటిగా సమాధానం ఇవ్వలేదు.

జి.ఓ. 111 స్వరూపం

1980, 1990 దశకాలలో నగరం పశ్చిమానికి విస్తరించసాగింది. జలాశయాల ఎగువన పరిశ్రమలు, నివాస కాలనీలు వచ్చే సూచనలు కనిపించాయి. 1994లో జి.ఓ. 192 ద్వారా మొదటి ఆంక్షలు వచ్చాయి. 1996లో వాటిని సవరిస్తూ జి.ఓ. 111 వెలువడింది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 84 గ్రామాల భూమిలో 90 శాతాన్ని వ్యవసాయానికి, పరిరక్షణకు, వినోద వినియోగానికి కేటాయించింది. అనుమతి ఉన్నచోట కూడా లేఅవుట్‌లో 60 శాతం స్థలాన్ని ఖాళీ జాగాలకు, రహదారులకు విడిచిపెట్టాలన్నది. మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, రాజేంద్రనగర్, షాబాద్ మండలాలలో సుమారు 1.32 లక్షల ఎకరాలకు ఈ నిబంధనలు వర్తించాయి.

శాస్త్రీయంగా ఈ కట్టడికి గట్టి ఆధారం ఉంది. జలాశయంలో నీటి పరిమాణం, స్వచ్ఛత రెండూ అది నిండే నేలపై ఆధారపడతాయి. నేలను కాంక్రీటు కప్పితే ఇంకుడు తగ్గుతుంది, వాగులు మూసుకుపోతాయి, మురుగు జలాశయానికి చేరుతుంది. కట్టడి అవసరమే. అది వచ్చిన రూపం మాత్రం పరిశీలనార్హం: అది కార్యనిర్వాహక ఉత్తర్వు. శాసనసభ చేసిన ప్రత్యేక చట్టం కాదు, గ్రామసభల సమ్మతితో రూపొందిన ప్రణాళికా కాదు. నష్టపోయేవారికి పరిహారం మాట అందులో లేదు.

న్యాయస్థానం చెప్పినది, చెప్పనిది

ఈ ఉత్తర్వుకు నిలకడ తెచ్చినది సుప్రీంకోర్టు. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రసాయన ఉత్పత్తులు తయారుచేసే పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలు ప్రాధికారం ఆ నిరాకరణను తోసిపుచ్చింది. ఈలోగా 1997లో ప్రభుత్వమే ఆ పరిశ్రమకు నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి – ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు వ్యాజ్యంగా ఇది సుప్రీంకోర్టుకు చేరింది. జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పులు 1999 జనవరిలోనూ, 2000 డిసెంబరులోనూ వెలువడ్డాయి. హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ నెలకొల్పేవారిదేనని మొదటి తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. ప్రజల తాగునీటి హక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించిన రెండవ తీర్పు, ఒక పరిశ్రమ కోసం నిషేధాన్ని సడలించడం చెల్లదని మినహాయింపును కొట్టివేసింది.

ప్రభుత్వం తన కట్టడిని తానే ఉల్లంఘించరాదన్న ఈ సూత్రం అమూల్యమైనది. కాని ఆ వ్యాజ్యంలో ఎదుటి పక్షం ఒక పరిశ్రమ. పరీవాహక ప్రాంతంలోని చిన్న పట్టాదారుకు కట్టడి వల్ల కలిగే నష్టం అక్కడ విచారణాంశం కాలేదు. 2005లో పుణె నగరానికి చెందిన రాజు జేఠ్మలానీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ప్రైవేటు భూమిని ప్రణాళికలో ఉద్యానవనంగా చూపవచ్చు గాని, సేకరించకుండా దానిని సొంతదారుకు దక్కకుండా చేయరాదని చెప్పింది. 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ వ్యాజ్యంలో నోటీసు, విచారణ, సకారణ నిర్ణయం, న్యాయమైన పరిహారం వంటివాటిని ఆస్తి హక్కులోని అంశాలుగా గుర్తించింది. ఇవి సేకరణకు సంబంధించిన తీర్పులు. సేకరణ లేకుండా పరిమితి మాత్రమే ఉన్న పరీవాహక భూమి వీటికి వెలుపలే ఉండిపోయింది.

స్థానిక ప్రభుత్వం ఎక్కడ?

జి.ఓ. 111 వచ్చిన కాలం విశేషమైనది. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. భూ వినియోగ నియంత్రణ, భవన నిర్మాణ నియంత్రణ 12వ షెడ్యూలులో, అంటే పురపాలక సంఘాల జాబితాలో చేరాయి. పంచాయతీల 11వ షెడ్యూలులో భూమి అభివృద్ధి, నీటి యాజమాన్యం, పరీవాహక ప్రాంతాభివృద్ధి ఉన్నాయి గాని, భూ వినియోగ నియంత్రణ లేదు. ఈ తేడా ఫలితం 84 గ్రామాలలో కనిపిస్తుంది. పరీవాహక ప్రాంతాన్ని కాపాడే విధి పంచాయతీలకు తగినదని రాజ్యాంగం భావించింది. ఆ కాపుదలకు అవసరమైన ముఖ్య సాధనాన్ని మాత్రం వారి జాబితాలో పెట్టలేదు. మహానగర ప్రాంతాలలో మూడింట రెండు వంతుల సభ్యులను పురపాలక సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలోంచి ఎన్నుకొనే ప్రణాళికా సంఘం ఉండాలని 243జెడ్ఈ అధికరణం నిర్దేశించింది. నగరం, గ్రామం ఒకే బల్ల దగ్గర కూర్చుని నీటి గురించి, భూమి గురించి మాట్లాడుకోవడానికి ఉద్దేశించిన వేదిక అది. ఈ కట్టడి ఆ వేదిక నుంచి పుట్టలేదు.

ఫలితంగా గ్రామాలకు రెండే పాత్రలు మిగిలాయి: ఆంక్షను పాటించడం, లేదా సడలించమని అర్జీ పెట్టడం. ఆంక్ష తమ నిర్ణయం కానప్పుడు దాని అమలును కాపాడే ఆసక్తి స్థానికంగా పెరగదు. నిబంధనలకు విరుద్ధంగా ఫామ్‌హౌస్‌లు, ఇంజనీరింగు కళాశాలలు, కల్యాణ మండపాలు వెలుస్తుంటే, నిబంధన పాటించిన రైతుకు మాత్రమే నష్టం మిగిలిందన్న భావం బలపడింది.

భారం ఎవరిది?

ప్రజాప్రయోజనం కోసం భూమి విలువను వదులుకున్నవారికి బదులు ఇవ్వడం తెలుగు రాష్ట్రాలకు తెలియనిది కాదు. 2012 నాటి భవన నియమాలు రహదారి విస్తరణకు స్థలం ఇచ్చినవారికి, మరొకచోట వాడుకొనే లేదా అమ్ముకొనే బదిలీ అభివృద్ధి హక్కును కల్పించాయి. 2015లో అమరావతి కోసం 30 వేలకు పైగా ఎకరాలను సమీకరించినప్పుడు, రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇవ్వడం, కొన్నేళ్లపాటు కౌలు చెల్లించడం ఆ పథకానికి పునాది అయింది. ఆ హామీ నిలబడాలని రైతులు న్యాయస్థానాన్ని ఆశ్రయించగలిగారంటే, చట్టంలో రాసుకున్న ఒప్పందం ఉండడం వల్లనే. పరీవాహక గ్రామాల రైతుకు అటువంటి పత్రమేదీ లేదు. రహదారికి వంద గజాలు ఇచ్చినవారికి ఉన్న బదులు, నగర నీటి కోసం తరాలపాటు పొలాన్ని పొలంగానే ఉంచినవారికి దక్కలేదు.

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జి.ఓ. 69 ద్వారా ఆంక్షలను తొలగించదలచింది. కృష్ణా, గోదావరి, మంజీర నీరు వస్తున్నందున నగర తాగునీటిలో జంట జలాశయాల వాటా స్వల్పమైపోయిందన్నది చూపిన కారణం. నీటి నాణ్యత కాపాడే మార్గదర్శకాల కోసం ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీని నియమించింది. 2023 మేలో మంత్రివర్గం పూర్తి రద్దుకు నిర్ణయించింది. తాగునీటి లెక్క ఒక్కటే ప్రమాణమైతే ఈ వాదనకు బలముంది. కాని ఈ జలాశయాలు మొదట కట్టింది వరద కోసం. ఎగువ నేల కాంక్రీటుగా మారితే 1908 నాటి ప్రశ్న తిరిగి తలెత్తుతుంది.

ముగింపు

జి.ఓ. 111 చరిత్రలో ఒక సామ్యం స్పష్టం. కట్టడి సచివాలయం నుంచి ఉత్తర్వుగా వచ్చింది. తొలగింపు కూడా సచివాలయం నుంచి ఉత్తర్వుగానే వచ్చింది. రెండు సందర్భాలలోనూ గ్రామాలకు నిర్ణయంలో భాగం లేదు. గ్రామసభల సమ్మతి, శాసనబద్ధత, పరిహారం – ఈ మూడూ లేని నియంత్రణ ఎంత సదుద్దేశంతో చేసినదైనా కలం పోటుతో పోతుంది. అందువల్ల ఆస్తి హక్కును, పరీవాహక రక్షణను పరస్పర శత్రువులుగా చూడడం చారిత్రకంగా నిలవదు. సొంతదారుకు న్యాయం జరగకపోవడం రక్షణకే బలహీనత అయింది. శిఖం పట్టాలో హక్కు, పరిమితి కలిసి నిలిచాయంటే, ఆ చెరువు ఫలంలో పట్టాదారుకు కూడా వాటా ఉండడమే కారణం. నగరం తాగే నీటికి, నగరాన్ని కాపాడే నేలకు విలువ కట్టి, ఆ విలువలో ఆ నేలవారికి వాటా ఇచ్చే చట్టం రానంతవరకు ఈ వివాదం ఒక ఉత్తర్వు నుంచి మరొక ఉత్తర్వుకు సాగుతూనే ఉంటుంది.