ఆటస్థలంలో అమ్మాయి: పతకాల చరిత్ర, జీవితాల చరిత్ర

మా స్కూల్లో వారానికి రెండు పీఈటీ పీరియడ్లు ఉండేవి. బెల్ కొట్టగానే మగపిల్లలం బ్యాటు, బంతి పట్టుకుని గ్రౌండ్‌లోకి పరుగెత్తేవాళ్లం. అమ్మాయిలకు ఒక టెన్నికాయిట్ రింగు ఇచ్చి వరండా పక్కన ఆడుకోమనేవారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ రింగు కూడా పోయింది. వేపచెట్టు కింద కూర్చుని హోంవర్కు రాసుకునేవాళ్లు. గ్రౌండ్ మొత్తం మాదే. అందులో తప్పేముందో అప్పుడు మాలో ఒక్కరికీ తోచలేదు, నాకూ తోచలేదు. జీఎస్ పేపర్-1లో మహిళా సాధికారత నోట్సు రాసుకుంటుంటే, ఇన్నేళ్ల తర్వాత ఆ వేపచెట్టు గుర్తొచ్చింది.

ఈ అంశం మీద మనం రాసే వ్యాసాలు ఎక్కువగా ఒకే మూసలో ఉంటాయి. మల్లీశ్వరి, మేరీ కోమ్, సింధు పేర్లు, రెండు పథకాలు, చివర ఒక నినాదం. పేర్లన్నీ నిజమే. కానీ పతకం గెలిచిన అమ్మాయి కథ వేరు, పతకం ఊసే లేకుండా పద్నాలుగో ఏట ఆట మానేసే అమ్మాయి కథ వేరు. మన దేశంలో ఈ రెండు కథలూ చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి. అవి ఎక్కడ కలిశాయి, ఎందుకంత ఆలస్యమైంది అన్నదే ఈ వ్యాసం.

1. ఆడే వయసే లేని కాలం (1891–1947)

ఆడుకోవాలంటే ముందు బాల్యం ఉండాలి. 1891 సమ్మతి వయసు చట్టం ఆ వయసును 10 నుంచి 12కు పెంచినందుకే దేశంలో పెద్ద దుమారం రేగింది. 1929 శారదా చట్టం అమ్మాయి పెళ్లి వయసును 14గా నిర్ణయించింది. అంటే ఈనాడు మనం 'కిశోర బాలిక' అని పిలుస్తున్న దశ అప్పటి సమాజంలో దాదాపు లేదు. తొక్కుడుబిళ్ల ఆడే పిల్ల పెద్దమనిషి కాగానే ఇల్లాలి వరుసలోకి వెళ్లిపోయేది.

ఇదే కాలంలో జాతీయోద్యమం శరీర దారుఢ్యం గురించి గట్టిగా మాట్లాడింది. బెంగాల్లో సరళాదేవి చౌధురాణి ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వ్యాయామశాల నడిపి, వీరాష్టమి ఉత్సవాలు జరిపించారు. కానీ ఒక స్త్రీ తెరిచిన ఆ వ్యాయామశాలలో కత్తిసాము, కర్రసాము నేర్చుకున్నది ప్రధానంగా యువకులే. అమ్మాయిల దాకా అది రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1923లో ఢాకాలో లీలా నాగ్ స్థాపించిన దీపాలీ సంఘం బాలికలకు బడులు నడుపుతూనే శారీరక శిక్షణ కూడా ఇచ్చింది. 1932లో చిట్టగాంగ్ దగ్గర పహర్తలీ యూరోపియన్ క్లబ్బుపై దాడికి నాయకత్వం వహించిన ప్రీతిలతా వద్దేదార్‌కు ఈ సంఘంతో పరిచయం ఉంది.

గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడ అమ్మాయి శరీరానికి బలం కావాలన్నది దేశం కోసం. ఆమె కోసమే కావాలన్న మాట ఇంకా ఎవరూ అనలేదు.

2. పతకాల దశ (1952–2000)

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు నీలిమా ఘోష్, మేరీ డిసౌజా, డాలీ నజీర్, ఆరతీ సాహా వెళ్లారు. స్వతంత్ర భారత్ తరఫున ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి మహిళలు వీళ్లే. వీళ్లలో ఆరతికి అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. 1959లో ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే.

ఆ తర్వాతి మలుపు ఒక హాస్టల్. 1976లో కేరళ ప్రభుత్వం కన్నూరులో బాలికల కోసం క్రీడా విభాగం ప్రారంభించింది. అందులో చేరిన పన్నెండేళ్ల పిల్ల పి.టి. ఉష. అప్పటికి అమ్మాయి పెళ్లికి చట్టబద్ధమైన వయసు 15 ఏళ్లే, 1978 సవరణతో గానీ అది 18 కాలేదు. ఉష 1984 లాస్ ఏంజెలిస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం కోల్పోయిన సంగతి అందరికీ తెలుసు. మనకు అంతకన్నా ముఖ్యం ఆ హాస్టల్. ఊరికి దూరంగా, ఇంటిపని లేకుండా, తిండి, కోచ్, గ్రౌండ్ ఉన్న చోటును ఒక రాష్ట్ర ప్రభుత్వం ఆడపిల్లకు ఇచ్చింది.

2000 సిడ్నీలో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చారు. ఆ తొలిసారే శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఈ రెండు వాక్యాలను విడివిడిగా కాక కలిపి చదవాలి. పోటీయే లేని చోట ప్రతిభ ఉన్నా కనపడదు. తలుపు తెరిచాకే ఎవరు లోపలికి రాగలరో తెలుస్తుంది.

అయితే పతకం తెచ్చే ఊరు మారినంత మాత్రాన సమాజం మారదు. మహిళా కుస్తీకి పేరు మోసిన హరియాణాలో 2011 జనగణన ప్రకారం 0–6 ఏళ్ల పిల్లల్లో ప్రతి 1000 మంది బాలురకు 834 మంది బాలికలే ఉన్నారు. 2016 రియోలో మన దేశానికి వచ్చిన రెండు పతకాలూ అమ్మాయిలవే. ఒకటి సింధు రజతం, రెండోది హరియాణా అమ్మాయి సాక్షి మలిక్ కాంస్యం. గెలిచిన కూతుర్ని ఊరేగించడం, పుట్టబోయే కూతుర్ని వద్దనుకోవడం ఒకే ఊళ్లో జరగగలవు. సింధు, సాక్షి పేర్లు రాసి ఊరుకునే వ్యాసం ఇక్కడే బలహీనపడుతుంది.

3. మరో దారి: ఫైళ్లలోకి వచ్చిన కిశోర బాలిక

రెండో కథ క్రీడాశాఖలో మొదలు కాలేదు. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో జాతీయ మహిళా క్రీడోత్సవం మొదలైంది. 1979 నాటి సీడా ఒప్పందం 10వ అధికరణం క్రీడల్లో, శారీరక విద్యలో బాలికలకు సమాన అవకాశాలు ఇవ్వాలంది. భారత్ దాన్ని 1993లో ఆమోదించింది. అంతకు ముందే, 1992లో, ఆటను పిల్లల హక్కుగా గుర్తించే 31వ అధికరణం ఉన్న బాలల హక్కుల ఒప్పందంలో మనం చేరాం.

1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'జీవన నైపుణ్యాలు' అన్న మాటకు ఒక రూపం ఇచ్చింది. అవి పది: నిర్ణయం తీసుకోవడం, సమస్యా పరిష్కారం, సృజనాత్మక ఆలోచన, విమర్శనాత్మక ఆలోచన, భావ వ్యక్తీకరణ, మానవ సంబంధాలు, స్వీయ అవగాహన, సహానుభూతి, భావోద్వేగాల నిర్వహణ, ఒత్తిడిని తట్టుకోవడం. ప్రిలిమ్స్‌కు జాబితా చాలు. మెయిన్స్‌కు మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి: వీటిలో ఏది బల్ల మీద కూర్చుని వస్తుంది?

2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, 2010లో 200 జిల్లాల్లో సబల పథకం వచ్చాయి. సబలలో 11–18 ఏళ్ల అమ్మాయిలకు పోషకాహారంతో పాటు జీవన నైపుణ్యాల శిక్షణా ఉండేది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆటస్థలం, ఆట వస్తువులు, బాలికలకు విడిగా మరుగుదొడ్డి ఉన్నాయి. అన్నీ కాగితం మీద ఉన్నాయి. కానీ జీవన నైపుణ్యాలు అంగన్‌వాడీ గదిలో ఉండిపోయాయి, ఆట క్రీడాశాఖ ఫైల్లో ఉండిపోయింది. ఒకే అమ్మాయి రెండు శాఖల మధ్య చీలిపోయింది.

4. రెండు దారులూ కలిసిన చోట

2006లో ఢిల్లీలో నాజ్ ఫౌండేషన్ నిర్వహణలో 'గోల్' కార్యక్రమం మొదలైంది. అందులో ఎంచుకున్న ఆట నెట్‌బాల్. ఎందుకు నెట్‌బాలో చూస్తే ఆ కార్యక్రమం లోతు అర్థమవుతుంది. జట్టుకు ఏడుగురు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, మూడు సెకన్లలో మరొకరికి అందించాలి. అడ్డుకునే ఆటగత్తె మూడడుగుల దూరంలో నిలబడాలి. అంటే ఒంటరిగా ఎవరూ గెలవలేరు. బంతి కావాలంటే గొంతెత్తి అడగాలి. ఇంట్లో 'గట్టిగా మాట్లాడకు' అని విని పెరిగిన పిల్ల ఇక్కడ గట్టిగా పిలవకపోతే జట్టు ఓడిపోతుంది. ఆట తర్వాత గుండ్రంగా కూర్చుని నాలుగు విషయాలు మాట్లాడుకుంటారు: మాట తీరు, ఆరోగ్యం, హక్కులు, డబ్బు లెక్కలు. గంట క్రితం ఒంటితో చేసినదానికి ఇప్పుడు పేరు పెడతారు.

ఝార్ఖండ్‌లో రాంచీ దగ్గరి గ్రామాల్లో 2009లో 'యువ' సంస్థ అమ్మాయిల ఫుట్‌బాల్‌తో మొదలైంది. 2013లో అక్కడి జట్టు స్పెయిన్‌లో గాస్టైజ్ కప్ ఆడి మూడో స్థానంలో నిలిచింది. ఆ ప్రయాణానికి ముందు పిల్లలకు ఎదురైన తొలి ప్రత్యర్థి గోల్‌కీపర్ కాదు, జనన ధ్రువపత్రం. పాస్‌పోర్టు కావాలంటే ఆ కాగితం కావాలి. అది చేతికొచ్చాక పాస్‌పోర్టుకే కాదు, పెళ్లి వయసు దగ్గర వాదనకూ పనికొస్తుంది. ఈ సంస్థ తర్వాత బడి కూడా తెరిచింది. 2019లో దానికి లారియస్ 'స్పోర్ట్ ఫర్ గుడ్' అవార్డు వచ్చింది.

మన దగ్గరి ఉదాహరణ ఎవరెస్ట్. 2014 మే 25న, రాష్ట్ర విభజనకు వారం ముందు, నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో శిఖరం చేరింది. అదే బృందంలో ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే, భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందినవాళ్లే. కన్నూరులో ఉషకు దొరికినట్టే ఇక్కడా ఒక ప్రభుత్వ హాస్టలే తొలిమెట్టు.

పొరుగున బంగ్లాదేశ్ 2011లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల బాలికలకు జాతీయ ఫుట్‌బాల్ టోర్నీ పెట్టింది. మైమెన్‌సింగ్ జిల్లాలోని కల్సిందూర్ అనే పల్లె బడి నుంచి వరుసగా ఆటగాళ్లు వచ్చారు. 2022లో కాఠ్‌మాండూలో నేపాల్‌ను 3–1తో ఓడించి బంగ్లాదేశ్ శాఫ్ మహిళా ఛాంపియన్ అయింది. వచ్చిన హక్కు నిలుస్తుందన్న హామీ మాత్రం లేదు. 2021 తర్వాత అఫ్గానిస్థాన్‌లో అమ్మాయిలకు ఆటా పోయింది, హైస్కూలూ పోయింది.

5. ఎక్కడ జాగ్రత్త పడాలి

మొదటిది, అతిశయోక్తి. 20–24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు 2005–06 కుటుంబ ఆరోగ్య సర్వేలో 47.4 శాతం, 2019–21 సర్వేలో 23.3 శాతం. ఈ తగ్గుదల ఆటల వల్లే వచ్చిందని రాస్తే అది తప్పు. చదువు, చట్టం, సంతానోత్పత్తి రేటు, వలసలు అన్నీ ఉన్నాయి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ 29.3 శాతంతో జాతీయ సగటు కన్నా పైనే ఉందన్నది మనం దాచకూడని అంకె.

రెండోది, పోషకాహారం. 2019–21 సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. గుడ్డు, ఐరన్ మాత్ర లేకుండా విజిల్ ఊదితే పిల్ల కళ్లు తిరిగి పడిపోతుంది.

మూడోది, భద్రత. 2023లో పతకాలు తెచ్చిన మహిళా రెజ్లర్లే జంతర్ మంతర్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. అంతటివాళ్ల మాట వినడానికే అంత సమయం పడితే, మండల స్థాయి పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? పని ప్రదేశంలో వేధింపుల చట్టం 2013 నుంచి ఉంది. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల కార్యవర్గాల్లో మహిళలకు చోటు తప్పనిసరి చేసింది. ఇవి గ్రౌండ్ దాకా దిగాలి.

నాలుగోది, భారం మొత్తం అమ్మాయి మీదే వేయడం. ధైర్యం నేర్పి ఇంటికి పంపితే, ఆ ధైర్యాన్ని చూసి తండ్రి బడి మాన్పించవచ్చు. తల్లిదండ్రులతో, అన్నదమ్ములతో మాట్లాడని కార్యక్రమం సగమే.

6. ఏం చేయవచ్చు

క్రీడలు రాష్ట్ర జాబితాలోని 33వ అంశం, కాబట్టి రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ప్రత్యేక ఏర్పాట్లకు 15(3) అధికరణం ఉండనే ఉంది. పెద్ద స్టేడియం కన్నా ముందు కావాల్సినవి చిన్నవి: టైమ్‌టేబుల్లో గ్రౌండ్ అమ్మాయిలదని రాసి ఉన్న పీరియడ్, ఒక మహిళా పీఈటీ, నీళ్లొచ్చే మరుగుదొడ్డి, శానిటరీ ప్యాడ్లు, చీకటి పడకముందే ఇంటికి చేరే బస్సు. ఖేలో ఇండియా నిధుల్లో కొంత భాగాన్ని గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాల్లో ఆటతో కలిపిన జీవన నైపుణ్యాల శిక్షణకు కేటాయిస్తే రెండు శాఖలు ఒక్క పిల్ల దగ్గర కలుస్తాయి. కొలమానం కూడా మారాలి. ఎన్ని పతకాలు అన్నదాంతో పాటు, ఎనిమిదో తరగతిలో ఆడిన అమ్మాయిల్లో ఎంతమంది పదో తరగతిలోనూ ఆడుతున్నారని లెక్కపెట్టాలి.

ముగింపు

దేశం కోసం బలం, పతకం కోసం బలం, తన కోసం బలం. నూరేళ్లలో మన ఆలోచన ఈ మూడు మెట్లు ఎక్కింది. మూడో మెట్టు మీద ఇంకా ఒక కాలే పెట్టాం. 2025 నవంబరులో మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన రాత్రి ఊరంతా టపాసులు కాల్చాం. ఆ జట్టులో కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి కూడా ఉంది. మర్నాడు పొద్దున బడికెళ్లిన అమ్మాయికి గ్రౌండ్ దొరికిందా, వేపచెట్టే దొరికిందా? జవాబు మనం రేపు ఎమ్మార్వోగానో, ఎంఈవోగానో, కలెక్టర్‌గానో సంతకం పెట్టే టైమ్‌టేబుల్లో ఉంటుంది. నా వంతుకు ఆ పీరియడ్ మర్చిపోకూడదని ఈ వ్యాసం రాసుకున్నాను.

ప్రాక్టీస్ ప్రశ్న: 'క్రీడల్లో మహిళల విజయం మహిళా సాధికారతకు సూచిక మాత్రమే, దానికి ప్రత్యామ్నాయం కాదు.' ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)