మాయ తిరునాళ్ళ

ఏమర్రా, పట్నంలో ఏదో సినిమా చూసొచ్చి రాత్రిపూట దొడ్లోకి పోవడానికి కూడా తోడు పిలుచుకుంటున్నారట! పెద్ద ఆటల పార్కట, లోపలికి వెళ్ళినవాళ్ళకు బయటికొచ్చే దారి దొరకదట, ఎక్కినవాళ్ళను రాట్నం దించదట. మీ అమ్మ అంతా చెప్పింది. ఇటు నెగడు దగ్గరికి జరగండి. చిన్నోడా, నువ్వు మధ్యలో కూర్చో, నీకు భయం ఎక్కువ. ఆ కందికట్టె నాలుగు పుల్లలు ఎగదొయ్యండి. ఈ ముచ్చట తొందరగా తెమిలేది కాదు.

ఆ పార్కు మీకు కొత్త గానీ మాకు పాత చుట్టమే. మా నాయనమ్మ దాన్ని మాయ తిరునాళ్ళ అనేది. దాని కథ చెప్పే ముందు అసలు తిరునాళ్ళ ఎట్లా ఉండేదో చెప్పాలి. అది తెలియకపోతే ఇది అర్థం కాదు.

మనకు తిరునాళ్ళంటే కోటప్పకొండే. నరసరావుపేట పక్కన మూడు శిఖరాల కొండ, పైన త్రికోటేశ్వరుడు. శివరాత్రికి ముందురోజే బళ్ళు కట్టేవాళ్ళు. బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, పిల్లల్ని కుక్కేవాళ్ళు. ఎద్దుల మెడల్లో గంటలు, కొమ్ములకు కుచ్చులు. పెద్దవాళ్ళకు ఉపవాసం, మాకు మాత్రం అటుకులూ బెల్లమూ. ఊళ్ళ నుంచి ప్రభలు కదిలి వచ్చేవి. చిలకలూరిపేట పక్క పురుషోత్తమపట్నం ప్రభ వస్తోందంటే ఎక్కడివాళ్ళక్కడ ఆగి మెడలెత్తి చూడాల్సిందే.

బండి దిగగానే మా నాయనమ్మ పిల్లల్ని వరసగా నిలబెట్టి తలలు లెక్కపెట్టేది. తర్వాత ఒక్కొక్కరికి చొక్కా అంచునో పరికిణీ కొసనో డబ్బులు ముడివేసేది. రాట్నానికింత, మరమరాలకింత, హుండీకింత. ఆ తర్వాత ఒక చింతచెట్టు చూపించి, "బండి కట్టేసరికి ఈ చెట్టు కింద ఉండాలి. ముడి విప్పేశాక ఎవరి దగ్గరా చెయ్యి చాపకూడదు" అనేది. అప్పు పుట్టదని కాదు. తిరునాళ్ళలో అప్పు చేసినవాడు మళ్ళీ తిరునాళ్ళ దాకా తీర్చలేడని ఆమె నమ్మకం.

ధరలంటారా? రాట్నం ఎక్కితే అర్ధణా. బయస్కోపు పెట్టెకు కన్ను ఆనిస్తే కాణీ. నాగకన్య డేరాలోకి వెళ్ళాలంటే అణా. గాజులవాడు బేడ చెబితే నాయనమ్మ అణాకు అడిగేది. వాడు లెక్కలేనన్ని ఒట్లు పెట్టుకునేవాడు. ఆమె నాలుగడుగులు వేసి వెళ్ళిపోతున్నట్టు నటించేది. వాడు పిలిచేవాడు. ఇద్దరికీ తెలిసిన ఆటే, అయినా ఏటా అంతే శ్రద్ధగా ఆడేవాళ్ళు. ఆ బేరమే లేకపోతే ఆమెకు గాజులు వేసుకున్నట్టుండేది కాదు.

అంతలో నయాపైసలు వచ్చిపడ్డాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలయ్యాయి. అణాకు ఆరు నయాపైసలన్నారు, పావలాకు ఇరవై అయిదన్నారు. మరి నాలుగు ఆర్లు ఇరవై నాలుగే కదా, ఆ ఒక్క పైసా ఎవరు మింగారు? మరుసటేడు శివరాత్రికి తిరునాళ్ళంతా ఇదే తగువు. అణా అణాగా నాలుగుసార్లు మార్చినవాడికి పైసా నష్టం, ఒకేసారి పావలా ఇచ్చినవాడికి లాభం. మరమరాల బస్తా ముందు కూర్చుని ఇద్దరు పెద్దమనుషులు ఒక పైసా కోసం పొద్దు వాలేదాకా వాదించుకోవడం నేను చూశాను. ఇద్దరూ నాలుగేసి ఎకరాల మాగాణి ఉన్నవాళ్ళే!

సరే, పైసల లెక్కలో పడి దారి తప్పాం. నాగకన్య దగ్గరికి వద్దాం. డేరాలో చిన్న బల్ల, బల్ల మీద పాము చుట్టలు, ఆ చుట్టల పైన ఆడపిల్ల తల. కళ్ళు తిప్పుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. బల్ల కింద చూస్తే అంతా ఖాళీ, వెనక తెర కనబడుతుంది. మాకు కాళ్ళు వణికేవి. తర్వాత నేను బళ్ళో కాంతి పాఠం చెప్పే రోజుల్లో గానీ గుట్టు తెలియలేదు. బల్ల కాళ్ళ మధ్య రెండు అద్దాలు ఏటవాలుగా, కొస కొస కలిసేట్టు నిలబెడతారు. వాటిలో పడేది పక్క తెరలు, మనం అనుకునేది వెనక తెర. పిల్ల ఒళ్ళంతా ఆ అద్దాల చాటున ఉంటుంది. లండన్‌లో స్టోడేర్ అనే ఇంద్రజాలికుడు 1865లో ఈ కిటుకుతోనే ఒక తలకాయ చేత మాట్లాడించి జనాన్ని నోళ్ళు తెరిపించాడు. అది సముద్రాలు దాటి మన కొండ కిందికి వచ్చి నాగకన్య అయింది.

ఒకటి మాత్రం గమనించండి. ఆ నాగకన్య కూడా రాత్రి డేరా దించాక పొయ్యి రాజేసి అన్నం వండుకునేది. తిరునాళ్ళ ముగిసేది. దీపాల్లో నూనె అయిపోయేది, ముళ్ళలో డబ్బులు అయిపోయేవి, ఎవరి ఊరికి వాళ్ళు పోయేవాళ్ళు. ఇప్పుడు ముగియని తిరునాళ్ళ సంగతి వినండి. ఒరేయ్, నిద్రొస్తే చెప్పు, ఆపేస్తాను. రావడం లేదా? నాకు తెలుసు.

ఒక ఆసామి గుంటూరులో మిరపకాయలు అమ్ముకుని, రొంటిన డబ్బుసంచి దోపుకుని ఖాళీబండి తోలుకుంటూ ఇంటిదారి పట్టాడట. తోటి బళ్ళవాళ్ళు "రాత్రికి సత్రంలో ఆగుదాం" అంటే వినలేదు. అమావాస్య. నడిరేయి దాటాక చెరువుకట్ట మలుపు తిరిగాడు, ఎదురుగా ఒకటే దీపాలు! బారులు తీరిన అంగళ్ళు, గాజుల మలారాలు, వేడి జిలేబీల వాసన, నడుమ తాటిచెట్టంత రంగులరాట్నం. ఆ రోజు శివరాత్రి కాదు, ఏ దేవుడి కల్యాణమూ కాదు. ఎద్దులు అడుగు ముందుకు వెయ్యలేదు. చెవులు రిక్కించి కాడి కింద బిగుసుకుపోయాయి. పశువుకు తెలిసింది ఆసామికి తెలియలేదు. బండి అక్కడే వదిలి లోపలికి నడిచాడు.

జిలేబీలు చేతిలో పెట్టారు, డబ్బడగలేదు. పైపంచె కప్పారు, డబ్బడగలేదు. ఇక్కడ నాయనమ్మ ఆగి మా మొహాలు చూసేది. "డబ్బడగని అంగడి లోకంలో ఉంటుందా? బేరం లేనిచోట మనుషులు లేరని తెలుసుకోండి" అనేది. ఆసామికి అంత ఆలోచన ఎక్కడిది? ఆశ లావు, పీక సన్నం. వెళ్ళి రాట్నం ఎక్కాడు. తిప్పేవాడు కనబడడు, ఇరుసు కిర్రుమనదు, అది మాత్రం తిరుగుతూనే ఉంది. పక్క తొట్టిలో ఒక పెద్దాయన, చెవులకు పోగులు, తలకు ఎప్పటిదో పాతకాలపు పాగా. "ఏ ఊరు బాబూ?" అని పలకరించి, "గుంటూరుకు రైలొస్తుందని చెప్పుకుంటున్నారు, వచ్చిందా?" అని అడిగాడట.

రైలు వచ్చి ఒక తరం గడిచిపోయింది! ఆసామికి వెన్నులోంచి చలి పుట్టింది. "మీరు దిగరా?" అన్నాడు. "దిగుతాను, ఇంకొక్క చుట్టు తిరిగి దిగుతాను" అన్నాడు పెద్దాయన. ఆయన వెనక తొట్టిలో ముసలమ్మదీ అదే మాట, ఆ వెనక పిల్లవాడిదీ అదే మాట. ఎవరికీ సంకెళ్ళు లేవు. తొట్టికి తలుపు కూడా లేదు. కిందికొచ్చినప్పుడల్లా కాలు చాపితే నేల అందుతూనే ఉంది.

మన ఆసామి కూడా ఇంకొక్క చుట్టు అనుకునేవాడే. ఇంతలో చీకట్లోంచి అతని ఎద్దు అరిచింది. పొద్దువాలినప్పటి నుంచీ వాటికి నీళ్ళు పెట్టలేదని గుర్తొచ్చింది. గభాల్న దూకాడు. వెనక నుంచి పేరుపెట్టి పిలుపులు, ఒకటి తల్లి గొంతుతో, ఒకటి పెళ్ళాం గొంతుతో. తిరిగి చూడకుండా బండి దాకా వచ్చిపడ్డాడు. తెల్లవారి చూస్తే కట్ట మీద కూలిన మండపమూ తుమ్మచెట్లూ. మూటగట్టుకొచ్చిన జిలేబీల స్థానంలో మేకపెంటికలు!

"తాగిన మైకంలో కలగన్నాడేమో" అని మా పెదనాన్న కొడుకు ఒకడు అడిగాడు. "తాగినవాడికి ఎద్దుల దాహం గుర్తుంటుందిట్రా?" అని నాయనమ్మ నోరు మూయించింది.

వెనక్కి చూడకపోవడమన్నది మన కొండకు కొత్త కాదు. కోటప్పకొండ స్థలపురాణంలో గొల్లభామ ఆనందవల్లి దేవుణ్ణి తన ఇంటికి రమ్మని వేడుకుంది. వస్తాను గానీ నువ్వు ముందు నడువు, వెనక్కి చూడకు అన్నాడాయన. దారిలో ఆమె మనసాగక చూసింది. ఆయన అక్కడి శిఖరం మీదే నిలిచిపోయాడు. ఆమె గుడి ఈనాటికీ ఆ కొండ మీద ఉంది.

ఇట్లాంటి మాయచోట్లు మన కథల్లో కొల్లలు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఆమెను తన మాయచోటుకు ఎత్తుకుపోయాడు. వెతుక్కుంటూ వెళ్ళిన మొగుడు కార్యవర్ధిరాజును రాయి చేసి నిలబెట్టాడు. బుర్రకథవాళ్ళు ఆ ఘట్టానికి వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. 1942లో జెమినీవాళ్ళు తీసిన సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు ఫకీరు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని కనిపెట్టి, కొడుకు బాలవర్ధిరాజు తల్లిని విడిపించాడు. అన్నేళ్ళ చెరలోనూ ఆమె అక్కడి భోగానికి లొంగలేదు. అందుకే బయటపడింది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన రాకాసిలోయ, పాతాళదుర్గం మీ నాన్న తరం దాకా అందరూ చదివినవే.

'మాయాబజార్'లో ఘటోత్కచుడు కట్టిన విడిది చూశారుగా? నయాపైసలు రావడానికి కొద్ది రోజుల ముందే, 1957 మార్చి 27న వచ్చిందా సినిమా. పెళ్ళివారికి పట్నమంత విడిది, అడుగడుగునా రాచమర్యాద. తీరా చూస్తే కూర్చున్నవాణ్ణి చుట్టేసే గింబళి, పడుకున్నవాణ్ణి తిప్పలు పెట్టే గిల్పం, ఎక్కినవాడి చేత కడుపులో ఉన్నదంతా కక్కించే సత్యపీఠం. మాకు నవ్వీ నవ్వీ పొట్టలు నొప్పులు పుట్టాయి. కానీ అది కూడా అతిథుల్ని పట్టే బోనే. కపటంతో వచ్చినవాళ్ళకే అది బోనయింది.

వీటన్నిటికీ పెద్ద కథ మయసభ. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి. ఖాండవం తగలబడిననాడు తన ప్రాణం కాపాడారన్న కృతజ్ఞతతో మయుడు పాండవులకు ఆ సభ కట్టాడు. పద్నాలుగు నెలలు పట్టింది. స్ఫటికపు నేలను నీళ్ళనుకుని దుర్యోధనుడు బట్టలు ఎగదోసుకున్నాడు. నీళ్ళను నేలనుకుని మడుగులో పడ్డాడు. మూసిన తలుపును తెరిచిన వాకిలనుకుని నుదురు కొట్టుకున్నాడు. ఇదంతా మీకు తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. రాజసూయం ముగిశాక రాజులందరూ ఎవరి దేశాలకు వాళ్ళు వెళ్ళిపోయారు, కృష్ణుడు కూడా ద్వారకకు వెళ్ళాడు. దుర్యోధనుడూ శకునీ ఇద్దరే ఆ సభలో మిగిలిపోయారని వ్యాసుడు చెప్పాడు. ఆ సభనే చూసినవాళ్ళు వేలమంది, వాళ్ళకేమీ కాలేదు. ఉండిపోయినవాడు పడ్డాడు, అసూయ మూటగట్టుకుని ఇంటికి పోయాడు, జూదానికి పాచికలు తెప్పించాడు. ఇక ధర్మరాజో? మొదటి జూదంలో సర్వం ఓడిపోయినా ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగిచ్చి పంపాడు. దారిలో మళ్ళీ పిలుపొస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడాడు. అడవిపాలయ్యాడు. అంతటి ధర్మమూర్తికే ఆ ఒక్క ఆట దగ్గర కాలు నిలవలేదు.

కాబట్టి నా మాట వినండి. ఏ మాయచోటూ మనిషిని గొలుసులతో కట్టదు. అందరూ వెళ్ళిపోయాక కూడా ఇంకొక్క చుట్టు అని ఉండిపోయేవాడే అందులో చిక్కుతాడు. నాయనమ్మ వేసిన ముడీ, చూపించిన చెట్టూ, తలల లెక్కా అన్నీ అందుకే. మేము బయటికి రావడం అనేది లోపలికి వెళ్ళకముందే ఖాయమై ఉండేది. బయట మన కోసం దాహంతో ఎదురుచూసేది ఏదో ఒకటి ఉండాలి, అది ఎద్దయినా సరే.

పార్కులకు వెళ్ళవద్దని నేననను. వెళ్ళండి, రాట్నం ఎక్కండి, గొంతు చించుకుని అరవండి, డబ్బులున్నంతవరకూ తినండి. వెళ్ళే ముందు మాత్రం ఎన్ని చుట్లో, ఎన్ని గంటలకు తిరుగుబండో మీలో మీరు అనుకోండి. డబ్బడగకుండా పెట్టేవాళ్ళ దగ్గర తినకండి. నలుగురితో వెళ్ళినవాళ్ళు ఆ నలుగురితోనే బయటికి రండి.