రెండో అల నేర్పిన పాఠం

1918 జూన్‌లో బొంబాయి రేవులో కాపలా కాసే పోలీసులు కొందరు జ్వరంతో మంచం పట్టారు. ప్రపంచ యుద్ధం నుంచి సైనికులను తెచ్చిన ఓడల్లోనే ఆ జబ్బు దిగిందని వైద్యాధికారులు అనుమానించారు. కొద్ది వారాల్లో అది తగ్గింది. గండం గడిచిందని జనం అనుకున్నారు. సెప్టెంబరులో అదే జ్వరం ఉగ్రరూపంతో తిరిగొచ్చి, రైలు దారుల వెంట పల్లెలకు పాకింది. ఆ ఏడాది వానలు కూడా సరిగా పడలేదు. అర్ధాకలి ఒళ్లు ఆ జ్వరాన్ని తట్టుకోలేకపోయాయి. అది ఫ్లూ. మామూలుగా పసివాళ్లను, ముసలివాళ్లను కబళించే ఆ జబ్బు ఈసారి ఇరవై నుంచి నలభై ఏళ్ల వాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకుంది.

హిందీ కవి నిరాలా అప్పటికి ఇరవై దాటిన యువకుడు. భార్యకు జబ్బుగా ఉందని తెలిసి గంగ ఒడ్డునున్న డల్మవూకు పరుగెత్తాడు. అప్పటికే ఆమె లేదు. చూస్తుండగానే ఇంట్లో మరికొందరు పోయారు. గంగ నిండా శవాలేనని తర్వాత రాసుకున్నాడు. దేశంలో 1.2 కోట్ల నుంచి 1.8 కోట్ల మంది చనిపోయారని అంచనా. 1911తో పోలిస్తే 1921 జనగణనలో దేశ జనాభా తగ్గింది. మన జనగణనల్లో అలా జరిగింది ఆ ఒక్కసారే.

మనుషుల్లో ఫ్లూ వైరస్‌ను శాస్త్రవేత్తలు వేరుచేసింది 1933లో. 1957లో ఆసియా ఫ్లూ, 1968లో హాంకాంగ్ ఫ్లూ వచ్చాయి. 2009లో స్వైన్ ఫ్లూ విమానమెక్కి వచ్చింది. దేశంలో దాని తొలి కేసు బయటపడింది హైదరాబాదులోనే.

2020లో వచ్చిన కోవిడ్ ఫ్లూ కాదు, వేరే జాతి వైరస్. పడుచువాళ్ల కంటే పెద్దవాళ్లకే ఎక్కువ ప్రాణాంతకమైంది. 1918లో లేని వెంటిలేటర్లు ఇప్పుడు ఉన్నాయి. ఏడాది తిరగకుండానే టీకాలు వచ్చాయి. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ వాటిలో ఒకటి.

అయినా కథ అలాగే నడిచింది. 2021 ఫిబ్రవరిలో రోజువారీ కేసులు పది వేలకు దిగగానే సభలు, తిరునాళ్లు, పెళ్లిళ్లు మొదలయ్యాయి. మే నెలలో రోజుకు నాలుగు లక్షలు దాటాయి. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఆసుపత్రుల ముందు కొడుకులు, కూతుళ్లు బారులు తీరారు. గంగలో మళ్లీ శవాలు తేలాయి.

వైద్యం నూరేళ్లలో ఎంతో దూరం వచ్చింది. మన మరుపు మాత్రం అక్కడే ఉంది. తొలి అల తగ్గిందంటే జబ్బు పోయినట్టు కాదు, సిద్ధపడేందుకు గడువు దొరికినట్టు. ఇంకోసారి ఆ గడువు దొరికితే పడకలు, ఆక్సిజన్, టీకాలు సమకూర్చుకోవడానికి వాడుకుందాం.